రెండొందల పన్నెండో పేజీలో మా అమ్మ

పోయిన వారం గ్రంథాలయం మెట్ల మీద ఆయాసపడుతూ నిలబడిపోయాను కదా, అక్కడి నుంచే అందుకుంటాను. కొత్తగా వచ్చినవాళ్లకి జరిగింది నాలుగు ముక్కల్లో చెబుతాను, పాతవాళ్లు ఈలోగా కళ్లజోడు తుడుచుకోండి. మా గ్రంథాలయం వాళ్లు ఈ ఏడాది వచ్చిన చారిత్రక నవలల్లో ఒకదానికి పాఠకుల బహుమతి ఇస్తున్నారు. బహుమతి వచ్చిన పుస్తకాన్ని మళ్లీ అచ్చువేసి ప్రతి బడికీ పంచుతారు. ఎంచడానికి ముగ్గురిని కూర్చోబెట్టారు. రిటైరైన హిస్టరీ మాస్టారు ఒకరు, మందుల షాపు ఆవిడ ఒకరు, మూడో మనిషిని నేను. నలభై ఏళ్లు బైండింగు కార్ఖానాలో పుస్తకాలు కుట్టిన చేతులు నావి; కుట్టినవన్నీ చదివేశాననుకుని పిలిచారు కాబోలు. ఆరు నవలలు చేతికిచ్చారు. ఐదు చదివి ఛీ అనుకున్నాను. ఆరోది చదివి ఛీ అనలేకపోయాను, ఎందుకంటే అది బాగుంది. అది బాగుండడమే నా ఖర్మ. అరవై నాలుగేళ్ల కిందట మా అమ్మ పనిచేసిన బైండింగు కార్ఖానా కథ అది. రెండొందల పన్నెండో పేజీలో మా అమ్మ ఉంది. సమ్మె చేస్తున్న తోటి ఆడవాళ్లని తలుపు తీసి యజమానికి పట్టించిన ద్రోహిగా ఉంది.

మెట్లు ఎక్కాను. ఎక్కక ఏం చేస్తాను? చదువుల గదిలో మడత కుర్చీలు వేశారు. కిటికీలకి రంగు వేసినప్పుడు రెక్కలు అతుక్కుపోయాయి, అప్పటినుంచీ ఎవరూ తెరవలేదు. పాత దినపత్రికల ముతక వాసన, నలభై మంది చెమట వాసన కలిసి గదిలో అట్టకట్టుకుని ఉన్నాయి. మూడో వరసలో చివరి కుర్చీలో ఆరో పుస్తకం రాసినతను కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్లుంటాయి. నోట్లో వేలుపెట్టినా కొరకలేనట్టున్నాడు. అలాంటివాళ్లే రాస్తారు ఇలాంటివి.

"బామ్మగారూ, ముందు నన్ను మాట్లాడమంటారా?" అన్నారు మాస్టారు.

"మాట్లాడండి తమ్ముడుగారూ" అన్నాను. నాకంటే నాలుగేళ్లే చిన్న ఆయన. నన్ను బామ్మని చేస్తే ఊరుకుంటానా? గదిలో కిసుక్కుమన్నారు.

ఆయన ఓటు రాణిగారి నవలకి. తేదీలన్నీ సరిపోయాయట, కోట గోడ ఎత్తు కూడా ఆధారాలతో సరిపోయిందట. పావుగంట చెప్పారు. తరవాత మందుల షాపు ఆవిడ లేచి, "నాకు తేదీలు తెలియవు. ఆ కుట్టుపని ఆడవాళ్ల పుస్తకం చదువుతుంటే నా వేళ్లు నొప్పి పుట్టాయి. నా ఓటు దానికే" అని కూర్చుంది. అంటే చెరొకటి. ఇక తేల్చాల్సింది నేను. గ్రంథాలయం చూసుకునే అమ్మాయి మైకు నా ముందుకి జరిపింది.

"ముందు చెత్త ఊడ్చేసి తరవాత ముగ్గు వేద్దాం" అన్నాను.

"చెత్త అంటే ఎలాగండీ? కష్టపడి రాశారు వాళ్లు" అన్నారు మాస్టారు.

"కష్టపడి చదివాను నేను కూడా. మీ రాణిగారి పుస్తకంతోనే మొదలుపెడతాను. నాలుగొందల పేజీల్లో ఆవిడ కిటికీ దగ్గర నిలబడి నిట్టూర్చడం పదకొండుసార్లు వచ్చింది. ఆ కిటికీ ఒక్కసారైనా ఎవరైనా తుడిచారా? పదివేలమంది శత్రువులు కోట బయట నలభై రోజులు గుడారాలు వేసుక్కూర్చున్నారు. గోడ ఎత్తు సరిపోయింది, సంతోషం. పదివేలమంది నలభై రోజులు పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్లారు మాస్టారూ?"

ఆయన కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టారు.

"అడుగుతున్నది మిమ్మల్నే. నలభయ్యో రోజుకి ఆ కంపు గోడకంటే ఎత్తుండాలి. రాణికి మాత్రం కిటికీలోంచి పూల గాలి వచ్చిందట! ఆ రాసినాయన ముక్కు ఏ శతాబ్దంలో పారేసుకున్నాడో!"

నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నేను నవ్వించడానికి చెప్పడం లేదు.

"రెండోది ఓడల వ్యాపారి కథ. ఓడ మునుగుతోంది. నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి. ఓడ పెద్ద నిలబడి, 'ఈ సంక్షోభాన్ని మనం ఒక అవకాశంగా మలుచుకోవాలి' అంటాడు. మూడొందల ఏళ్ల కిందటి మనిషండీ వాడు! మా చిన్నవాడి ఆఫీసులో మేనేజరు అంటాడు ఆ మాట, సెలవులు కోసేసేటప్పుడు. మునిగేవాడు ఏమంటాడో తెలియదా? 'అమ్మా' అంటాడు. ఏ కాలంలోనైనా అంతే. ఇక ఆ పెట్టె నవల ఉంది చూశారూ, పాత ఇల్లు, అటక మీద పెట్టె, పెట్టెలో ఉత్తరాలు, మనవరాలు తెరిచి ఏడవడం... నా దగ్గరా ఉంది పాత పెట్టె. అందులో తెరుచుకోని గొడుగులు మూడు, మా ఆయన కట్టుడు పళ్లు ఉన్నాయి. వాటి మీద ఎవరైనా మూడొందల పేజీలు రాస్తామంటే రేపే పంపిస్తాను."

"బామ్మగారూ, మరి కరువు నవల?" వెనక వరసలోంచి ఒకావిడ అడిగింది. "నేను దానికి చాలా ఏడ్చానండీ."

"ఏడ్చారా? నేనూ ఏడ్చాను తల్లీ, అసహ్యంతో." నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "మూడేళ్లు తిండి లేని పిల్ల. రెండొందలో పేజీలో ఆ పిల్ల బుగ్గలు నిగనిగలాడతాయి, జుట్టు నడుం దాటుతుంది, గుర్రం మీద పోయేవాడు చూసి ఆగిపోతాడు. ఆకలిగా ఉన్న మనిషిని ఆ రాసినావిడ ఎప్పుడైనా దగ్గరగా చూసిందా? జుట్టు దువ్వెనకి ఊడి వస్తుంది. చిగుళ్లు నెత్తురు కారతాయి. నోరు కంపు కొడుతుంది, పక్కన పడుకున్న పిల్ల మొహం తిప్పుకునేంత. మా అమ్మకి రెండేళ్లు ఎక్కడా పని దొరకనప్పుడు ఆవిడ పక్కన పడుకుని నేను మొహం తిప్పుకున్నాను. అది రాసే ధైర్యం లేనివాళ్లు కరువు జోలికి పోకూడదు. ఒకళ్ల ఆకలికి బొట్టూ కాటుకా పెట్టి బజార్లో నిలబెట్టడమేంటి?"

ఐదో పుస్తకం చేతిలోకి తీసుకున్నాను.

"బానిస పిల్ల నవల గురించి ఒక్క మాటే చెబుతాను. పన్నెండో పేజీలో సంతలో కొన్నాడు. నలభయ్యో పేజీకి కొన్నవాడి మీద ఆ పిల్లకి ప్రేమ పుట్టింది. వాడి కళ్లు లోతైనవట. ఆ పుస్తకం మూసి చేతులు సబ్బుపెట్టి కడుక్కున్నాను. అంతే."

"ఐదయ్యాయి" అంది గ్రంథాలయం అమ్మాయి మెల్లగా. "ఆరోది..."

"ఆరోదాని గురించి చెప్పేముందు అది రాసినతనితో పది నిమిషాలు మాట్లాడాలి."

"అది నియమాలకి విరుద్ధం" అని మాస్టారు సగం లేచారు. "ఎంచేవాళ్లు రచయితతో విడిగా మాట్లాడకూడదు."

"ఆ నియమం ఎవరు రాశారమ్మా?" అని అమ్మాయిని అడిగాను.

"నేనేనండీ."

"రాసిన చేత్తోనే పది నిమిషాలు పక్కన పెట్టు. ఈలోగా అందరికీ మంచినీళ్లివ్వు, పాపం ఉడికిపోతున్నారు."

చిరిగిన పుస్తకాలు బాగుచేసే వెనక గదిలోకి అతన్ని తీసుకెళ్లి తలుపు వేశాను. బల్ల మీద సగం కుట్టిన పుస్తకం ఒకటి ఉంది. దాని పక్కన మైనపు ముద్ద, దారపు ఉండ, సూదులు. ఆ గదిలో అడుగుపెడితే చాలు, నా ప్రాణం కుదుటపడుతుంది. ఆరోజు పడలేదు.

"కూర్చో నాయనా."

కూర్చున్నాడు. చేతులు మోకాళ్ల మధ్య దూర్చుకున్నాడు.

"ఈ కార్ఖానా సంగతులన్నీ నీకెవరు చెప్పారు?"

"చదివానండీ. పాత పేపర్లు, అవీ ఇవీ..."

"ఏ పేపర్లో రాశారు, పిండిజిగురు పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారని, ఆ చేత్తో కళ్లు నులుముకుంటే మంటపుడుతుందని?"

బల్ల మీది పుస్తకాన్ని నా ముందుకి లాక్కున్నాను.

"ఇది చూడు. పదహారు పేజీల మడతని ఫారం అంటాం. ఫారం వీపు నా వైపు పెట్టుకుని, కుడి చివరి నుంచి సూది గుచ్చి ఎడమకి పోతాను. కుడిచేతివాళ్లెవరైనా అంతే. నీ పుస్తకం నూట మూడో పేజీలో పందొమ్మిది మంది ఆడవాళ్లూ ఎడమ చివరి నుంచి మొదలుపెట్టారు. అది చదివి మంచం మీంచి లేచి కూర్చున్నాను. మా అమ్మవాళ్ల పందొమ్మిది మందిలో పద్దెనిమిది మంది కుడిచేతివాళ్లు. ఒక్కతే ఎడంచేతిది. అందరికంటే చిన్నది, పద్దెనిమిదేళ్లది. అసలు పేరు పోయి ఎడంచెయ్యి అనే పిలుపే మిగిలింది దానికి. నీకు కుట్టు చూపించింది అదే. అది కుట్టినట్టే అందరూ కుడతారనుకుని రాసేశావు. ఎడంచెయ్యి నీకేమవుతుంది?"

అతని మొహంలో నెత్తురుచుక్క లేదు. "మా అమ్మమ్మ" అన్నాడు.

"బతికుందా?"

"పోయిన ఏడాది వానాకాలంలో పోయిందండీ."

ఎడంచెయ్యి నా చిన్నప్పుడు నన్ను చంకనెత్తుకుని కాగితం కట్టల మీద కూర్చోబెట్టేది. దారానికి మైనం పట్టించడం నాకు నేర్పింది అదే. తలుపు తెరుచుకున్న రోజు తరవాత మళ్లీ మా గుమ్మం తొక్కలేదు. ఇంతకాలం ఇదే ఊళ్లో బతికి, ఇదే ఊళ్లో పోయిందన్నమాట. ఏడుపు వస్తుందేమో అనుకున్నాను. కోపం వచ్చింది.

"మా అమ్మ చేతి ముద్ద తిన్న మనిషి. అది చెప్పిందా నీకు, తలుపు తీసింది మా అమ్మ అని?"

"బామ్మగారూ, అది కల్పిత పాత్రండీ. మీ అమ్మగారని ఎందుకనుకుంటున్నారు?"

"కల్పితమా? ఉడుకుతున్న జిగురు చింది సగం కనుబొమ్మ కాలిపోవడం కల్పితమా? అందరూ పెద్దక్కా అని పిలవడం కల్పితమా? నువ్వు ఆవిడ దగ్గు కూడా రాశావయ్యా! దగ్గేముందు చెయ్యి గోడకి ఆనించడం కూడా రాశావు. చదువుతుంటే ఇన్నేళ్ల తరవాత మా అమ్మ దగ్గు వినిపించింది నాకు. పేజీ తిప్పితే అదే చేత్తో తలుపు తీయించావు."

తల వంచుకున్నాడు.

"ఏమాటకామాట చెప్పాలి. నీ పుస్తకం బాగుంది. కోత మిషన్లో వేళ్లు తెగిన పిల్లని యజమాని బయటికి గెంటితే, ఆ పిల్లని మళ్లీ పనిలోకి తీసుకునేదాకా కదిలేది లేదని వీళ్లు లోపల గడియ పెట్టుకుని కూర్చోవడం... నాలుగు రోజులు... అక్షరం అక్షరం నిజం. అందుకే నాకు రోత పుడుతోంది. ఆ ఐదు చెత్త పుస్తకాల్లో ఎక్కడో మా అమ్మని తిట్టి ఉంటే చెత్తతోపాటే పోయేది. నువ్వు నిజం మీద నిజం పేర్చి, మధ్యలో ఒక్క అబద్ధం పెట్టి కుట్టేశావు. ఇక అది ఊడిరాదు. బళ్లో పిల్లలు చదువుతారు. ద్రోహం అంటే ఏమిట్రా అంటే మా అమ్మ కనుబొమ్మ చెబుతారు."

"మీ అమ్మగారు కాదని మీకెలా తెలుసు?" అడిగాడు. ఎదురుతిరిగి అడగలేదు, భయంభయంగా అడిగాడు.

"నేను ఆవిడ కూతుర్ని కాబట్టి. వీధి కొళాయి దగ్గర బిందె పెడితే పక్కకి తన్నేవాళ్లు. వేళ్లు తెగిన పిల్ల ఎదురొచ్చి కాళ్ల దగ్గర ఉమ్మింది, నా కళ్ల ముందు. తరవాత మా అమ్మ ముప్ఫై ఏళ్లు బతికింది. ఒక్కసారీ 'నేను కాదు' అనలేదు. 'నేనే' అనీ అనలేదు. నేను అడిగినప్పుడల్లా 'కుట్టు చూసుకో, దారం వదులవుతోంది' అనేది. ద్రోహం చేసినవాళ్లు అలా ఉంటారా? వెయ్యి అబద్ధాలు చెప్పి ఉండేవాళ్లు."

గోడ అవతల కుర్చీలు కిర్రుమంటున్నాయి. మాస్టారు ఎవరికో కోట గోడ గురించి మళ్లీ చెబుతున్నారు.

"ఎవరు తీశారో నీకు తెలుసు. ఎడంచెయ్యి నీకు చెప్పే ఉంటుంది. చెప్పు. ఫోర్‌మనైనా సరే, మీ అమ్మమ్మే అయినా సరే, ఎవరైనా సరే. ఆ పేజీ మార్చి నిజం రాస్తానని మాటిస్తే ఇప్పుడే వెళ్లి నీకు ఓటేస్తాను. లేదంటే రాణిగారికి వేస్తాను, ఆ పదివేలమంది కంపుతో సహా."

లేచి నిలబడ్డాడు. "రాణిగారికే వేయండి బామ్మగారూ. నాకు బహుమతి వద్దు."

బహుమతి వద్దనే రచయిత ఉంటాడని నాకు అంతవరకు తెలియదు. కదిలి తలుపుకి అడ్డం నిలబడ్డాను. డెబ్భై మూడేళ్ల మనిషిని తోసుకుని ఎలా వెళ్తాడు?

"నీకు బహుమతి వద్దేమో. నాకు మా అమ్మ కావాలి."

"మా అమ్మమ్మకి మాటిచ్చానండీ. ఆవిడ కూడా ఒకరికి మాటిచ్చింది. మీ అమ్మగారికి."

"మా అమ్మకా?"

"ఎవరికీ చెప్పొద్దని. అందుకే ఊరంతా ఏమనుకుందో అదే రాశాను. పోయినావిడకి కొత్తగా నొప్పి పుట్టదులే అనుకున్నాను."

"పోయినావిడకి పుట్టదు. ఉన్నదానికి పుడుతోంది, చూస్తున్నావుగా! నువ్వు చెప్పకపోతే నేను ఆ పద్దెనిమిది మందినీ ఒక్కొక్కళ్లనీ తలుచుకుని తిట్టుకుంటూ చస్తాను. అందరికంటే ముందు మీ అమ్మమ్మని. ఇరవై ఏళ్లు ఫోర్‌మన్‌ని తిట్టాను. తరవాత కార్ఖానాలో వంటగది పక్కన కూర్చునే లావుపాటావిడని అనుమానించాను. ఆవిడ పోతే చూడ్డానికి కూడా వెళ్లలేదు. ఇలా ఎంతమందిని చంపమంటావు నన్ను?"

బల్ల మీది సూదిని చేతిలోకి తీసుకున్నాడు. తరవాత, నా వంక చూడకుండా, పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు.

"నాలుగో రోజు మధ్యాహ్నం. అందరూ అలసిపోయి నేల మీదే నిద్రపోతున్నారు. వెనక తలుపు అవతల నుంచి ఎవరో మెల్లగా పిలిచారు. మా అమ్మమ్మ ఒక్కతే మెలకువగా ఉంది. లేచి చూసేసరికి ఒక పిల్ల ఫారాల కట్టని తలుపు దాకా లాక్కెళ్లి, దాని మీదెక్కి, అడ్డగడియ ఎత్తుతోంది. మీ అమ్మగారు కూడా అప్పుడే లేచారు. పరిగెత్తి పిల్లని కిందికి లాగి గడియ పట్టుకున్నారు. అప్పటికే తలుపు కదిలింది. బయటివాళ్లు తోసుకొచ్చారు. ఆ చప్పుడుకి అందరూ లేచి చూసేసరికి గడియ మీ అమ్మగారి చేతిలో ఉంది."

"పిల్లా?" అన్నాను. "అక్కడ పిల్లలెవరున్నారు? పిల్లల్ని తీసుకురావద్దని అందరూ కూడబలుక్కున్నారు. ఇంట్లో చూసేవాళ్లు లేరని మా అమ్మ ఒక్కతే..."

అక్కడున్న పిల్లని నేనొక్కదాన్నే.

అతను కుర్చీ జరిపాడు. నేను కూర్చోలేదు.

ఆ గడియ నాకు జ్ఞాపకముంది. ఎప్పుడూ ఉంది. చల్లటి ఇనుము, నూనె రాసిన జిడ్డు, ఎత్తినప్పుడు అరచేతి బొమికకి తగిలిన దెబ్బ, తరవాత కళ్లు చెదిరే ఎండ. పెద్దవాళ్ల సాయం లేకుండా మొదటిసారి అంత బరువైన గడియ ఎత్తానని నా పిల్లలకి చెప్పాను, మనవలకి చెప్పాను. అన్నం తినిపిస్తూ చెప్పే కథ అది! మంచి రోజు అనుకున్నాను దాన్ని. ఆ రోజు వేరు, సమ్మె విరిగిన రోజు వేరు అనుకున్నాను. ఎండ దాకానే ఉంచుకుని ఆ తరవాతిది కత్తిరించి పారేసింది నా బుర్ర. అవతల గదిలో కూర్చుని ఐదుగురు రాసినవాళ్లని నోటికొచ్చినట్టు కడిగేశానే, వాళ్లు ఇంతకంటే ఏం పాపం చేశారు? బుగ్గలు నిగనిగలాడే కథ ఒకటి నేనూ చెప్పుకుంటూ వచ్చాను, అరవై నాలుగేళ్లు, మా అమ్మ ఆకలి మీద కూర్చుని. నా మీద నాకు పుట్టిన రోత ముందు ఆ ఐదు పుస్తకాలూ ఏపాటి!

"మీకు తెలిస్తే బతకలేరన్నారట మీ అమ్మగారు" అన్నాడతను. "అందుకే మాట తీసుకున్నారు. నేను చెప్పి ఉండకూడదు."

"బతికే ఉన్నానుగా" అన్నాను. "పద. జనం ఎదురుచూస్తున్నారు."

గదిలోకి వచ్చి మైకు ముందు నిలబడ్డాను. కూర్చుంటే మళ్లీ లేవలేనని నిలబడ్డాను.

"తేలిందా బామ్మగారూ?" అన్నారు మాస్టారు చమత్కారంగా.

"తేలింది. నా ఓటు ఆరో పుస్తకానికి. అయితే ఒక షరతు ఉంది. మళ్లీ అచ్చువేసేటప్పుడు రెండొందల పన్నెండో పేజీ మార్చాలి. అందులో పెద్దక్క అనే ఆవిడ సమ్మె చేస్తున్నవాళ్లని మోసం చేసి తలుపు తీసినట్టుంది. ఆవిడ మా అమ్మ. ఆవిడ తీయలేదు." మైకు ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాను. "తీసింది తొమ్మిదేళ్ల పిల్ల. ఆ పిల్లని నేను. పందొమ్మిది మంది పనులు పోయాయి, వేళ్లు తెగిన పిల్ల బతుకు వీధిన పడింది. ఆ నింద మా అమ్మ మోసింది. నాకు తెలియకుండా మోసింది."

మాస్టారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. మందుల షాపు ఆవిడ చెయ్యి నా మోచేతి కిందికి వచ్చింది.

"అయ్యో, పసిపిల్ల కదండీ" అంది గ్రంథాలయం అమ్మాయి, కళ్లనీళ్లతో. "ఎవరో పిలిస్తే తీసింది. దాని తప్పేముంది?"

"ముద్దు చేయకు తల్లీ. తప్పు ఉందా లేదా అన్నది తరవాత. ఎవరు తీశారో ముందు ఉన్నది ఉన్నట్టు రాయమను."

మూడో వరసలోంచి అతను లేచి వచ్చాడు. నా పక్కన నిలబడి నాకు మాత్రమే వినపడేలా అన్నాడు.

"ఉన్నది ఉన్నట్టు రాయాలంటే, పిల్లని పిలిచిందెవరో కూడా రాయాలి బామ్మగారూ. రాయనా?"

"అది నీకు తెలుసా?"

"గొంతు మా అమ్మమ్మ గుర్తుపట్టింది. మీ అమ్మగారూ గుర్తుపట్టారట."

ఎవరు పిలిచినా తలుపు దగ్గరికి పోవద్దని అమ్మ నాలుగు రోజులు నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. నేను మొండిదాన్నే కానీ అమ్మ మాట జవదాటే పిల్లని కాదు. అలాంటిదాన్ని ఒక్క పిలుపుకి లేచి వెళ్లానంటే ఆ పిలిచినవాడు ఎవడో దారిన పోయేవాడు కాదు. ముప్ఫై ఏళ్లు అమ్మ నోరు విప్పనిది నన్ను కాయడానికే అనుకున్నాను, ఆ వెనక గదిలోంచి వచ్చేటప్పుడు. నన్నొక్కదాన్నే కాదన్నమాట, ఆ పిలిచినవాణ్ణి కూడా కాచింది.

నలభై మంది నా మొహం చూస్తున్నారు.

"రాయి" అన్నాను. "ముందు నాకు చెప్పు."

అతను మైకుకి చెయ్యి అడ్డం పెట్టి, నా చెవి దగ్గరికి వంగాడు. ఏం చెప్పాడో వచ్చే వారం.